తగాదా తేలేదాకా

రిటైరైన హెడ్మిస్ట్రెస్ ఇంటి వసారా అర్జీలు రాసే చోటైపోతుందని నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. తాడిపత్రిలో మా వీధివాళ్లకు ఏ ఆఫీసులో ఏ కాగితం కావలసి వచ్చినా "టీచరమ్మతో రాయించుకో పో" అని ఒకరికొకరు చెప్పుకుంటారు. నాకు విసుగే. మొదట కసురుకుంటాను, కసురుకుంటూనే కళ్లజోడు వెతుక్కుంటాను. ఈ సంగతి అందరికీ తెలిసిపోయింది కాబట్టి నా కసురుకు విలువ లేకుండా పోయింది. పోయిన నెలలో ఒక పొద్దున ఎస్తేరమ్మ అనే ఆమె పదేళ్ల కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చింది. ఆమెకు ముప్పై దాటి ఉంటాయి. కూలిపనికి పోయే మనిషని చేతులు చూస్తేనే తెలుస్తుంది. కూతురి పేరు ప్రసన్న. లోపలికి రమ్మంటే రాకుండా ఎస్తేరమ్మ మెట్టు మీదే నిలబడి చెప్పులు విడిచింది, మళ్లీ తొడుక్కుంది, మళ్లీ విడిచింది. నన్ను ఒకటికి రెండుసార్లు పరకాయించి చూసింది. నా కోపం గురించి విని ఉంటుందిలే అనుకున్నాను.

వాళ్లు అద్దెకున్న గది రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పోయిందట. ఇప్పుడు ఊరి బయట బండల ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డులో తలదాచుకుంటున్నారు. ఆ సందట్లో నెలరోజులు పిల్ల బడికి పోలేదు. పాత బడికి పోతే పేరు తీసేశామన్నారు. షెడ్డుకు దగ్గరున్న బడికి పోతే ఆధార్‌లో అడ్రసు ఈ వార్డుది కాదు, పాత బడిలోనే అడగమన్నారు. "ఈ బడోల్లు ఆ బడికి పోమంటారు, ఆ బడోల్లు ఈ బడికి పోమంటారు మేడం. ఇట్ల తిరగబట్టి రెండు వారాలాయ, పిల్ల ఇంట్లోనే కూచోనుండాది," అంది ఎస్తేరమ్మ. తరువాత తనే సర్దుకొని, "ఇల్లు అంటాండా గానీ, ఇల్లు యాడుండాది," అంది.

నాకు ఒళ్లు మండింది. విద్యాహక్కు చట్టం వచ్చి ఎన్నేళ్లయింది. కాగితం లేదని పిల్లను తిప్పి పంపకూడదని, మధ్యలో వచ్చినా చేర్చుకోవాలని ప్రతి హెడ్మాస్టరుకూ తెలుసు. తెలిసిన సంగతి వేరు, చేసే సంగతి వేరు. మండల విద్యాశాఖాధికారికి అని పైన రాసి, కింద గీత కొట్టి, పిల్ల పేరు రాశాను. తరువాత "నివాసం" అని రాసి రెండు చుక్కలు పెట్టాను. అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. యాభై ఏళ్ల కిందట ఆ మాట పక్కన ఒకాయన ఒక అక్షరం సరిగ్గా రాయకపోవడం వల్ల నా చదువు తెగిపోబోయింది.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. మాది గుమ్మఘట్ట తట్టు ఒక పల్లె. రెండేళ్లు వరసగా వాన లేక బావి ఎండింది, శెనక్కాయ విత్తనం కూడా మిగల్లేదు, గుత్తకు చేస్తున్న చేను చెయ్యి జారింది, దానితోపాటే చేను ఆసామి ఇచ్చిన కొట్టం కూడా. నాయన మమ్మల్ని తాడిపత్రికి తీసుకొచ్చాడు. మమ్మల్ని అంటే అమ్మను, నన్ను, అమ్మను కన్న అవ్వను. అవ్వ పుట్టింది కన్నడ సీమలో. పెళ్లయి ఇటు వచ్చి నలభై ఏళ్లయినా ఆమె తెలుగులో సగం కన్నడమే. నాయన నాపరాళ్లు నునుపు పట్టే షెడ్డులో చేరాడు, అమ్మ బండలు కడిగే పనిలో చేరింది. షెడ్డు వెనక పనికిరాని బండముక్కలను మూడు వైపులా నడుమెత్తు పేర్చి, పైన వెదురు వేసి, గోనెపట్టాలు కప్పితే అదే మేముండే చోటు. నాలుగో వైపు ఏమీ లేదు. అటు అవ్వ తడిపిన గోనెసంచి వేలాడగట్టేది, దుమ్ము లోపలికి రాకుండా.

ఆ చోటి వాసన నాకు ఇప్పటికీ తెలుసు. తడిసిన రాతిపిండి వాసన, దానిలో కలిసిన మిషను నూనె వాసన, శెనక్కాయ పొట్టు కాలుస్తుంటే వచ్చే కమ్మటి పొగ. పొద్దున్నే అవ్వ లేచి, షెడ్డు కాలువలో పేరుకున్న తెల్లటి రాతిపిండిని ఎండబెట్టి ఉంచుకున్నది పిడికెడు తీసి, గోనెపట్టా ముందు ముగ్గు వేసేది. తలుపు లేని చోట ముగ్గెందుకని అమ్మ అంటే, ముగ్గు తలుపుకు కాదు, గడపకు అనేది. గడప కూడా లేదని అమ్మ అనేది కాదు. తరువాత రాగిసంగటి కెలికేది. సంగటిలోకి ఊరిబిండి పచ్చడి నూరేటప్పుడు ఎండుమిరపకాయల ఘాటుకు షెడ్డులో పనిచేసేవాళ్లు కూడా దగ్గేవాళ్లు. నాయన తినేటప్పుడు వేళ్ల పగుళ్లలో కారం మండి చేతిని విదిలించేవాడు. అవ్వ అది చూసి, ముద్దలో గుంట చేసి, కారం బదులు మజ్జిగ పోసేది. మజ్జిగ ఉన్న రోజున.

నన్ను బడిలో చేర్చింది అవ్వే. అమ్మానాయనలకు పని మానడం కుదరలేదు. నడిచిపోయేంత దూరంలో పట్నం బడి ఒకటి ఉండేది. చేరికలు రాసే గుమాస్తా "ఇల్లు యాడ?" అని అడిగాడు. అవ్వ చేత్తో షెడ్డు వైపు చూపించి "ఇల్లే" అంది. ఆమె కన్నడంలో ఇల్లే అంటే ఇక్కడే అని. గుమాస్తాకు కన్నడం రాదు. ఇల్లు అనే మాటనే ముసలామె అట్లా అంటుందేమో, మళ్లీ అడిగితే తిడుతుందేమో అనుకొని, నివాసం అన్న చోట ఆమె అన్నది అన్నట్టే రాసి పేజీ తిప్పేశాడు. నేను ఏడో తరగతిలో కూర్చున్నాను. ఆరు నెలలు ఏ గొడవా లేదు. లెక్కల్లో నాకే ఎక్కువ మార్కులు వచ్చేవి, ఆ సంగతి చెప్పుకోవడానికి ఇప్పటికీ నాకు మొహమాటం లేదు.

ఏడో తరగతికి అప్పుడు పబ్లిక్ పరీక్ష. దానికి పేర్లు పంపేముందు కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు రిజిస్టరు ముందేసుకొని ఒక్కో పేరూ సరిచూస్తున్నాడు. ఆయనకు కన్నడం బాగా వచ్చు. నా పేరు దగ్గరికి వచ్చేసరికి నివాసం పక్కన "ఇల్ల" అని కనిపించింది. గుమాస్తా రాసిన ఏత్వం పై గీతలో కలిసిపోయింది. కన్నడంలో ఇల్ల అంటే లేదు. ఇల్లు లేదని రాసి ఉన్న పిల్లను ఎవరు చేర్చుకున్నారు, ఎట్లా చేర్చుకున్నారు అని ఆయన గుమాస్తా మీద లేచాడు. నన్ను పిలిచి ఎక్కడుంటారని అడిగితే, దాచడం తెలియని వయసు, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. తన సంతకం కింద తప్పు దొరుకుతుందేమోనని భయపడే మనిషి. ఆ భయం ఎటువంటిదో తరువాత నాకే బాగా తెలిసింది. షెడ్డు ఊరి హద్దురాయికి అవతల ఉంది కాబట్టి నువ్వు పక్క పల్లె బడి పిల్లవి, అక్కడికి పో అన్నాడు. పక్క పల్లె బడికి పోతే అక్కడి పెద్దయ్యవారు, మా ఊళ్లో మీకు ఇల్లెక్కడుంది, మా పట్టీలో మీ నాయన పేరే లేదే అన్నాడు. పేర్లు పంపడానికి పన్నెండు రోజులు మిగిలాయి. ఏ బడి రిజిస్టరులోనూ పేరు లేకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే ఎనిమిది లేదు.

ఆ సాయంత్రం నాయన పని నుంచి వచ్చి కూర్చొని, "పేరు కొట్టేస్తారంటే ఇంగేం జేస్తాం. రేపట్నుంచి అమ్మతో బండలు కడిగేకి రానీ," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, అందుకే నాకు భయమేసింది. కోపంతో అన్న మాటైతే తెల్లారేసరికి పోతుంది. అమ్మ నా వైపు చూడకుండా గిన్నెలు తోముతోంది. అవ్వ మాత్రం, "దాని చేతులు నీ చేతుల మాదిరి అయితే నీకు బాగుంటాదేమప్పా?" అంది. నాయన లేచి బయటికి పోయాడు. అల్లుడితో అవ్వ అంత గట్టిగా మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి.

మర్నాడు అవ్వ నాకు తలదువ్వి, రోజూ మాదిరే బడికి తీసుకుపోయింది. తరగతిలోకి రానివ్వలేదు. అవ్వ వసారాలో ఏడో తరగతి కిటికీ కింద కొంగు పరిచి, నన్ను దాని మీద కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుంది. హెడ్మాస్టరు వచ్చి, "ఏమవ్వా, పిల్లను తీసుకొని పో," అన్నాడు. "తీసుకపోయి యాడ పెట్టుకోవాల సామీ?" అంది అవ్వ. ఆయన విసురుగా పోయాడు. తొమ్మిది రోజులు అట్లాగే కూర్చున్నాం. లోపల నా జతగాళ్లు కూర్చొని ఉంటే బయట కూర్చోవడం ఎంత సిగ్గో చెప్పలేను. నీళ్లు తాగడానికి వచ్చే పిల్లలు నన్ను చూసి నవ్వేవాళ్లు, నవ్వని పిల్లలను చూస్తే ఇంకా ఏడుపొచ్చేది. లెక్కల అయ్యవారు ఒక్కరోజు కూడా మా వైపు చూడలేదు. కానీ ఆయన కిటికీ పక్కకు వచ్చి నిలబడి, అంతకుముందెన్నడూ లేనంత గట్టిగా పాఠం చెప్పేవాడు. బోర్డు మీద రాసినవన్నీ పైకి చదివేవాడు. నేను మోకాలి మీద పలక పెట్టుకొని విన్నది విన్నట్టు రాసుకునేదాన్ని. రోజూ ఒకటే లెక్క మనసులో తిరిగేది, పేర్లు పంపడానికి ఇంకా ఎన్ని రోజులని.

తొమ్మిదో రోజు స్కూళ్ల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మా కోసం రాలేదు, ఏదో తనిఖీకి వచ్చాడు. అవ్వ ఎవరినీ అడగకుండా నా చెయ్యి పట్టుకొని ఆఫీసు గదిలోకి నడిచింది. జవాను అడ్డం వస్తే అతన్ని పక్కకు జరిపింది. ఇన్‌స్పెక్టరు మెత్తటి మనిషి. విషయం విని, పక్క పల్లె అయ్యవారికి కబురు పంపించి, రిజిస్టరు తెప్పించాడు. నా పేరున్న పేజీ కళ్లకు దగ్గరగా పెట్టుకొని చూశాడు.

"ఇది ఇల్లనా, ఇల్లేనా? ఏం రాసినావయ్యా?" అని గుమాస్తాను అడిగాడు.

"ఆయమ్మ ఏమంటే అదే రాసినా సార్. నాకు కన్నడం రాదు," అన్నాడు గుమాస్తా.

"నేను ఇల్లే అంటి సామీ. ఈడనే అని," అంది అవ్వ. "ఇల్ల అనల్యా. ఇల్ల అనేదానికైతే బిడ్డను పిల్చకొని ఇంత దూరం వస్తానా?"

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. హెడ్మాస్టరు మాత్రం నవ్వలేదు. "మాట ఏదైనా కానీండి సార్, ఇల్లు లేదనేది నిజమే కదా. షెడ్డు హద్దురాయికి అవతల ఉంది," అన్నాడు. అంతలో వచ్చిన పక్క పల్లె అయ్యవారు, "షెడ్డు అవతలే సార్. వీళ్లుండేది షెడ్డు వెనక. ఆ వెనకభాగం పట్నం కిందికే వస్తుంది," అన్నాడు. ఇద్దరూ మా బండముక్కల గోడ ఎటు తిరిగి ఉందో, హద్దురాయి ఎక్కడ పాతారో, గీత గీస్తే అది మా పొయ్యి మీదుగా పోతుందా పక్కగా పోతుందా అని వాదించుకున్నారు. మేము సంగటి వండుకునే పొయ్యి గురించి అంత పెద్ద మనుషులు మాట్లాడటం వింతగా ఉంది. చివరికి ఇన్‌స్పెక్టరు విసుగెత్తి, "ఇద్దరూ రాసి పంపండి. కొలతలు వేయించి నెలలో తేలుస్తాను," అన్నాడు. పేర్లు పోయేది మూడు రోజుల్లో. తేలుస్తానంటే ఇక్కడ అందరికీ చాలు, నాకు ఒక్కదానికే చాలదు.

అవ్వ కదల్లేదు. "నెలకు గానీ సామీ, ఏడాదికి గానీ, మీరు కొలుసుకోండి. మేము వద్దంటామా," అంది. "తగాదా తేలేదాకా నా బిడ్డ యాడ కూచోవాల?"

ఆ ప్రశ్నకు జవాబు ఏ రూలులోనూ లేదనుకుంటాను, ఉంటే హెడ్మాస్టరు చెప్పేవాడే. ఇన్‌స్పెక్టరు నన్ను చూసి, "ఇప్పుడు యాడ కూచుంటాండావు?" అని అడిగాడు. "బయట సార్, కిటికీ కింద," అన్నాను. ఆయన లేచి వసారాలోకి పోయి, అవ్వ కొంగు పరిచిన చోటు చూసి వచ్చాడు. కలం తీసి, విషయం తేలేవరకు విద్యార్థిని పేరు కొట్టివేయరాదు, ప్రస్తుత తరగతిలోనే కొనసాగించి పరీక్షకు పంపవలెను అని రాసి సంతకం చేశాడు. హెడ్మాస్టరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకొని, మొదటిసారి ఊపిరి వదిలినట్టు కనిపించాడు. ఆయనకు కావలసింది కూడా ఒక కాగితమే.

ఆ తగాదా ఈనాటికీ తేలలేదు. కొలతలు వేయడానికి ఎవరూ రాలేదు, ఏ నిర్ణయమూ రాలేదు. నేను పరీక్ష రాశాను, ఎనిమిదికి పోయాను, తరువాత ట్రైనింగు చేశాను, ఉద్యోగంలో చేరాను. తేలేవరకు అన్న ఆ ఒక్క మాట మీదే నా చదువంతా నడిచింది. సంతోషపడ్డానా అంటే లేదు. హైస్కూల్లో ఉన్నన్నాళ్లూ జవాను చేతిలో కాగితం పట్టుకొని తరగతి గుమ్మంలోకి వస్తే చాలు, నేను పుస్తకాలు సంచిలో సర్దుకునేదాన్ని. ఇదిగో, తేలిపోయింది, లేచి పొమ్మంటారు అనుకునేదాన్ని. ట్రైనింగులో కూడా ఆ భయం పోలేదు. నా జతవాళ్లకు చెబితే నవ్వేవాళ్లు, అందుకే చెప్పడం మానేశాను.

ఆ భయమే నన్ను కాగితాల మనిషిని చేసింది. ఒక ఏత్వం సరిగ్గా పడక నేను బయట కూర్చోవలసి వచ్చింది కాబట్టి, నా బడిలో ఏ పిల్ల రిజిస్టరులోనూ ఒక గుడి, ఒక కొమ్ము తగ్గకూడదని పట్టుబట్టాను. పుట్టిన తేదీ, తండ్రి పేరు, పాత బడి రికార్డు షీటు, అన్నీ ఉంటేనే సంతకం. అన్నీ సరిగ్గా ఉంటే రేపు ఎవరూ ఈ పిల్లను కదిలించలేరు అని నా గుమాస్తాలకు చెప్పేదాన్ని. అది పిల్లలకు నేను చేస్తున్న మేలు అని నిజంగానే నమ్మాను. ఖచ్చితమైన మనిషి అని పైవాళ్లు మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా.

ఎస్తేరమ్మ అర్జీ సంగతి ముందే చెప్పేస్తాను. మరుసటి రోజు నేనే వెంటపోయాను. విద్యాశాఖాధికారి కుర్రవాడు, చదివి, ఫోను తీసి రెండు నిమిషాలు మాట్లాడాడు. ప్రసన్న ఇప్పుడు షెడ్డు దగ్గరి బడిలో ఐదో తరగతిలో కూర్చుంటోంది. ఆధార్ అడ్రసు గొడవ ఇంకా నడుస్తూనే ఉంది, నడవనీ. అర్జీ చివర, ఫిర్యాదు తేలేవరకు బాలికను తరగతిలోనే కూర్చోబెట్టవలసిందిగా కోరుతున్నాను అని ఒక వాక్యం చేర్చాను. చట్టంలో ఆ మాట అట్లాగే ఉందో లేదో వెతకలేదు. అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటంటే, అప్పుడు మాకు చెప్పుకోవడానికి చట్టం లేదు, అవ్వ ఉంది. ఇప్పుడు చట్టం ఉంది. పిల్లలు మాత్రం వసారాల్లోనే ఉన్నారు.

ఇదంతా రాసుకొని ఊరుకుందామనుకున్నాను. కానీ ఆ పొద్దున అర్జీ రాయడం పూర్తికాకముందు జరిగింది ఒకటుంది, అది రాయకపోతే ఈ జ్ఞాపకమంతా నా గొప్ప చెప్పుకున్నట్టవుతుంది. తల్లి వివరాలు రాస్తూ, తల పైకెత్తకుండానే, "నువ్వెంతవరకు చదివినావమ్మా?" అని అడిగాను.

ఎస్తేరమ్మ కూతురి వైపు చూసింది. "ఐదు అయింది మేడం. ఆరుకు మీ బడికే వచ్చినా," అంది.

"నా బడికా?"

"నల్లమాడ తట్టు మీరు పెద్ద మేడముగా ఉండ్రి గదా, అప్పుడు. మా అమ్మా నాయనా ఆడ ఇటికెల బట్టీలో ఉండ్రి. మీరు పాత బడి నుంచి రికార్డు షీటు తెమ్మంటిరి. పాత బడి యాడో దూరం. రెండుసార్లు వచ్చినాం మేడం, మా అమ్మా నేనూ. కాగితం ల్యాకుండా వచ్చి నా టయిం తినొద్దండి అంటిరి. ఆమీద మా అమ్మకు పని కుదర్లేదు, ఇంగ రాల్యా."

అందులో నిష్ఠూరం లేదు. ఎండ ఎక్కువగా ఉందని చెప్పినట్టు చెప్పింది. కళ్లజోడు తీసి ఆమె ముఖం చూశాను. పదకొండేళ్ల పిల్లను ఆ ముఖంలో వెతికాను. నాకు గుర్తు రాలేదు. ఆ రెండు రోజులూ నేను ఏమి తిన్నానో, ఎవరి మీద అరిచానో ఎట్లా గుర్తులేదో, ఇదీ అట్లాగే గుర్తులేదు. మెట్టు మీద నిలబడిన మొదటి నిమిషం నుంచీ ఆమె నన్ను గుర్తుపట్టే ఉంది. బిడ్డ పని అయ్యేదాకా ఆ మాట ఎత్తకూడదనుకొని ఉంటుంది. అడిగాను కాబట్టి చెప్పింది.

"ఎస్తేరమ్మా," అన్నాను. కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టుకున్నాను. "ఏమని రాయమంటావు?" అని మాత్రం అడగగలిగాను.

"ఐదు అని రాయండి మేడం," అంది. మళ్లీ గొంతు తగ్గించి, "దానికి కాగితం అడగరు గదా?" అంది.